నమూనా మూడు, ఆరో పుల్ల

మనుషులంతా బలహీనులని మా కేంద్ర కార్యాలయం వారు ఫిబ్రవరి పదకొండో తారీఖున గుర్తించారు. అంతకుముందు ఈ సంగతి ఎవరికీ తెలియదని కాదు. ప్రతి ఆదివారం ఆరాధన మొదట్లో మేమంతా మోకరించి ఒప్పుకునే మాటే. కానీ ఆ ఒప్పుకోలుకు ఒక నంబరు గానీ, తారీఖు గానీ, రబ్బరు స్టాంపు గానీ ఉండేవి కావు. అందుకే ఒప్పుకుని లేచిన మనిషి బయట చెప్పులు వెతుక్కునే లోపలే అంతా మరిచిపోయేవాడు.

నా పేరు పల్లికొండ ఆశీర్వాదం. సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. నడిపిలంక సంఘానికి పద్నాలుగేళ్లుగా కార్యదర్శిని. కాగితం మీదకు ఎక్కని విషయం జరిగినట్టు నేను లెక్కవేయను. అటువంటి నా చేతికి ఆ సర్క్యులరు వచ్చిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మూడుసార్లు చదివి, నాలుగోసారి మా ఆవిడకు వినిపించాను.

"విషయం: క్రైస్తవ జీవితమందు వ్యక్తిగత బలహీనతల గుర్తింపు, నమోదు మరియు వాటి నుండి పాఠములు నేర్చుకొనుట గురించి," అని మొదలైంది అది. ప్రతి సభ్యుడూ తన ప్రధాన బలహీనత ఒకదానిని నమూనా మూడులో, మూడు ప్రతులుగా, ఫోటో అంటించి నింపాలి. నేర్చుకున్న పాఠం నలభై మాటలకు మించకూడదు. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు సొంత ఇంటి మనిషై ఉండాలి. సంఘ కార్యదర్శి మాత్రం తనను తానే ధ్రువీకరించుకోవచ్చు. ఈ నిబంధన ఎవరు పెట్టారో గానీ మహా తెలివైనవారు.

"మట్టల ఆదివారం లోగా గుర్తింపు కార్డు పొందనివారు బలహీనత లేనివారుగా పరిగణింపబడుదురు. బలహీనత లేదనువారు గర్విష్ఠులు గనుక వారి పేర్లు సభ్యత్వ జాబితా నుండి తొలగింపబడును." నూటికి నూరుపాళ్లు నమోదు చేసిన సంఘానికి షీల్డు ఇస్తామని కూడా రాశారు. రెండడుగుల ఎత్తు షీల్డు.

మొదటి వారంలో ఏడుగురు సంఘపెద్దలూ ఫారాలు తెచ్చి ఇచ్చారు. నలుగురికి "అతిగా ప్రార్థించుట" అనే బలహీనత ఉంది. ఇద్దరికి "ఎవరి మనసునూ నొప్పించలేకపోవుట" ఉంది. ఏడో ఆయన, "ఇంతవరకు ఏదీ దొరకలేదు, వెతుకుచున్నాను," అని రాశాడు. ఆయన భార్య సాక్షి సంతకం పెట్టే చోట పదకొండు కాగితాలు జతచేసి, కుట్టడానికి దారం ఉందా అని నన్నడిగింది.

పెద్దల ఫారాలు వారంలో తిరిగి వచ్చాయి. "అతిగా ప్రార్థించుట బలహీనత కాదు. అయినను మీ సంఘములో అట్టి ప్రమాదమేదియు లేనట్లు మా పరిశీలనలో తేలినది," అని జవాబు. దానితో పాటు ఆమోదించిన బలహీనతల జాబితా ఒకటి పంపారు. కోపం, అసూయ, అబద్ధం, సోమరితనం, నశ్యం, చుట్ట, సాగదీసి మాట్లాడటం, ఇలా ఇరవై మూడు. ఇరవై నాలుగోది "అతి వినయము". అది కార్యాలయం వారు తమ అవసరానికి పెట్టుకున్నారని బయట అనుకునేవారు. నేను దాన్నే తీసుకున్నాను. నన్ను నేనే ధ్రువీకరించుకుని స్టాంపు కూడా నేనే వేసుకున్నాను.

తర్వాత ఊపు వచ్చింది. స్త్రీల సమాజం అధ్యక్షురాలు కరుణామణిగారు అసూయ తీసుకోవడానికి వచ్చి, ఉపాధ్యక్షురాలు నిన్ననే అసూయ తీసుకుందని తెలిసి అక్కడే కూలబడ్డారు. తన అసూయ ఆవిడ అసూయ కంటే ఆరేళ్లు పాతదనీ, సీనియారిటీ చూడాలనీ పట్టుబట్టారు. నేను పై కార్యాలయానికి రాశాను. అసూయకు సంఖ్యాపరిమితి లేదని టెలిగ్రాము లాంటి జవాబు వచ్చింది.

నాలుగో వారానికి అందరి మెడల్లోనూ కార్డులు. అప్పుడు రెండో సర్క్యులరు వచ్చింది. ఒకే బలహీనత గలవారిని ఒకే వరుసలో కూర్చోబెడితే పరస్పరం పాఠాలు నేర్చుకుంటారట. ఆ ఆదివారం కోపం వరుసలో మొదటి పాట రెండో చరణానికే ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. అబద్ధం వరుసలో ప్రతివాడూ తానే అందరికంటే ముందు వచ్చానన్నాడు. సోమరితనం వరుస ఆశీర్వచనం దాకా ఖాళీగానే ఉంది. అతి వినయం వరుసలో నేనొక్కణ్ణే, మొదటి బెంచీలో, ఫ్యాను కింద కూర్చున్నాను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొందరు నిజంగానే పాఠం నేర్చుకున్నారు. దర్జీ మోషే కార్డు నశ్యానిది. మెడలో వేలాడుతుంటే వాడికి సిగ్గేసి నశ్యం డబ్బా కాలవలో పారేశాడు. పాస్టరు జ్ఞానానందంగారిది సాగదీత. గంటంబావు చెప్పే ప్రసంగాన్ని ఆయన పద్దెనిమిది నిమిషాలకు తెచ్చారు. జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను ఇద్దరి సంగతీ నెలవారీ నివేదికలో గర్వంగా రాశాను.

వెంటనే మెమో వచ్చింది. "ముందస్తు అనుమతి లేకుండా నమోదిత బలహీనతను విడిచిపెట్టుట నిబంధనలకు విరుద్ధము. తద్వారా మీ సంఘ శాతము తగ్గినది. సదరు సభ్యులు వార్షిక లెక్కింపు పూర్తగువరకు తమ తమ బలహీనతలను యథాతథముగా కొనసాగించవలెను." మోషే విధేయుడు. కొత్త డబ్బా కొనుక్కుని ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన నడుమ పద్నాలుగుసార్లు తుమ్మాడు. పాస్టరుగారు మళ్లీ గంటంబావుకు వెళ్లారు. ఆయన ముఖంలో ఆ రోజు ఎంతో శాంతి కనిపించింది.

మొత్తం రెండువందల పన్నెండు మంది సభ్యుల్లో రెండువందల పదకొండు మంది నమోదయ్యారు. మిగిలింది ఏసోబు ఒక్కడే.

ఏసోబు గురించి చెప్పాలంటే గోడ గురించి చెప్పాలి. మా మందిరం స్థలం పటం చెదలు తినేస్తే, తొమ్మిదేళ్ల క్రితం ప్రహరీ కట్టడానికి స్థలాన్ని మళ్లీ కొలిచాం. సర్వే గొలుసు పొడవు అరవై ఆరు అడుగులు. ముందు మనిషి గొలుసు లాక్కుంటూ వెళ్లి, అది బిగిసిన చోట ఇనుప పుల్ల ఒకటి గుచ్చుతాడు. వెనక మనిషి అక్కడికి వచ్చి పుల్ల పీకి చేతిలో పెట్టుకుంటాడు. చివరకు చేతిలో ఎన్ని పుల్లలుంటే అన్ని గొలుసులు. ఆ రోజు ముందు మనిషి ఏసోబు. మా ఆఫీసులోనే గొలుసు మోసి రిటైరైనవాడు. వెనక మనిషిని నేను. పడమటి రాయి నుంచి తూర్పు రాయి దాకా ఐదు గొలుసులని రాశాను. ఏసోబు ఏదో గొణిగాడు గానీ అప్పటికే నేను పెన్నుకు మూత పెట్టేశాను.

ఆ కొలత ప్రకారం గోడ కడితే గంట స్తంభం గోడకు అవతల పడింది. మేస్త్రి వచ్చి, ఏంటండీ ఇది, అని అడిగాడు. కాగితం చూపించాను. సంఘపెద్దలు సమావేశమై, గోడ కాగితం ప్రకారమే ఉంది గనుక గంట స్తంభమే తప్పు చోట ఉందని తేల్చారు. తర్వాత ఎవరో, ముందు మనిషి లెక్క తప్పాడేమో అన్నారు. నేను కాదనలేదు. మినిట్సులో అలాగే ఎక్కింది. ఇరవై రెండేళ్లుగా గంట కొడుతున్న ఏసోబును ఆ పని నుంచి తప్పించారు. అప్పటినుంచి మా మందిరంలో గంటకు బదులు మైకులో రికార్డు మోగుతుంది. అసలు గంట స్తంభానికి పక్కింటివాళ్లు గేదెను కడతారు.

ఏసోబు తన ఫారం తెచ్చి ఇచ్చాడు. బలహీనత: చుట్ట. నేను తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. సభ్యుడి బలహీనత మినిట్సులో ఇదివరకే నమోదై ఉంటే దాన్నే రాయాలని సర్క్యులరులో ఉంది. అతనిది "లెక్క తప్పుట".

"చుట్ట కాలుస్తానండి. రూతమ్మ పోయాక కోపం కూడా ఎక్కువైందండి. ఏది కావాలంటే అది రాసుకోండి. లెక్క మాత్రం నేను తప్పలేదండి," అన్నాడు.

సంతకం పెట్టకపోతే జాబితాలోంచి పేరు పోతుందని చెప్పాను. పేరు పోతే సమాధుల తోటలో చోటు కూడా పోతుందని, చెప్పడం నా బాధ్యత గనుక, చెప్పాను. అతని భార్య రూతమ్మ అక్కడే ఉంది. ఆమె పక్కన తన కోసం చోటు వదిలి, చుట్టూ ఇటుకలు పేర్చుకున్నాడు. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడ గడ్డి పీకి గానీ ఇంటికి వెళ్లడు.

ఏసోబు ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అబద్ధానికి సంతకం పెట్టి ఆవిడ పక్కన పడుకోలేనండి. లేపి మరీ అడుగుద్ది," అని లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ మరియరత్నం వడ్డిస్తూ నా మెడలో కార్డు చేత్తో పట్టుకుని మొదటిసారి చదివింది. "అతి వినయము" అని రెండుసార్లు పైకి చదివి, గరిటె కింద పెట్టి, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నవ్వడం అయ్యాక కొంగుతో కళ్లు తుడుచుకుని పెరట్లోకి వెళ్లింది. కరివేపాకు మొక్క కుండీలోంచి ఇనుప పుల్ల ఒకటి తీసి, మట్టి కడిగి, తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

"తొమ్మిదేళ్లుగా దీంతో కరివేపాకు మొక్కకి మట్టి గుల్ల చేస్తున్నాను. ఇదెక్కడిదని మిమ్మల్ని ఒక్కసారైనా అడిగానా?" అంది.

లేదన్నాను.

"ఎందుకడుగుతాను? మీ గొడుగులోంచి పడినప్పుడు నేనక్కడే ఉన్నాను."

ఇక దాచడం దేనికి. కొలుస్తున్న రోజున పాస్టరమ్మగారు మజ్జిగ గ్లాసు ఇచ్చారు. గ్లాసు పట్టుకోవడానికి చేతిలో పుల్ల ఒకటి మడిచిన గొడుగులో దోపాను. మూడు రోజుల తర్వాత వాన వచ్చి గొడుగు విప్పితే అది కాళ్ల దగ్గర పడింది. అప్పటికి గోడ పునాది లేచింది. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు సిగ్గేసింది. ఆ మర్నాడు ఇంకా సిగ్గేసింది. తర్వాత ఏసోబును తప్పించిన తీర్మానం వచ్చింది. అది నా చేతిరాతతోనే ఉంది. నేను మంచివాణ్ణని నాకు గట్టి నమ్మకం, ఆ నమ్మకానికి అడ్డం వస్తుందని ఒక మనిషి బతుకును గోడ అవతల వదిలేశాను.

మట్టల ఆదివారం వచ్చింది. కేంద్ర కార్యాలయం నుంచి బలహీనతల సంచాలకులు రెవరెండు డాక్టరు విజయానందంగారు జీపులో వేంచేశారు. ఒళ్లో షీల్డు, దాని మీద ఎర్ర గుడ్డ. జనమంతా ఈత మట్టలు పట్టుకుని పాటలు పాడుతూ ఎదురువెళ్లి, కోపం వరుస ముందూ సోమరితనం వరుస వెనకా లోపలికి వచ్చారు.

డైరెక్టరుగారు నలభై నిమిషాలు మాట్లాడారు. "ఈ ఆర్థిక సంవత్సరంలో మన మండలి పరిధిలో బలహీనతలు గణనీయమైన అభివృద్ధిని సాధించాయి," అన్నారు. తర్వాత జాబితా తెప్పించుకుని, ఒక్క పేరు దగ్గర వేలు ఆపి, ఏసోబును ముందుకు పిలిచారు. ఫారం మీద లెక్క తప్పుట అని అప్పటికే టైపు చేయించి తెచ్చారు. పెన్ను మూత తీసి ఏసోబు చేతిలో పెట్టారు. ఏసోబు పెన్ను వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత సమాధుల తోట ఉన్న దిక్కుకు తల తిప్పాడు.

నేను లేచాను. లెక్క తప్పింది ఏసోబు కాదనీ, నేననీ చెప్పాను. తొమ్మిదేళ్లు తెలిసే దాచాననీ చెప్పాను.  మోషే తుమ్మును మధ్యలోనే ఆపుకున్నాడు.

డైరెక్టరుగారి ముఖం వెలిగిపోయింది. "ప్రియులారా, ఈ సోదరుని కార్డు చూడుడి. అతి వినయము! పరుల తప్పులను తమపై వేసుకొనుట ఈ బలహీనతకు ప్రథమ లక్షణమని మా కరపత్రం నాలుగో పుటలో కలదు. ఇంతటి సజీవ ఉదాహరణ మాకు మరెక్కడా లభింపలేదు."

జనం చప్పట్లు కొట్టారు. కాదండీ నిజంగా నాదే తప్పు అన్నాను. ఇంకా గట్టిగా కొట్టారు. నాకు వినయం లేదని, ఆ కార్డు నాకు నేనే ఇచ్చుకున్నానని అరిచాను. తనకు వినయం లేదనడం ఐదో పుటలో ఉందట. ఒప్పుకోవడం ఇంత కష్టమని తెలిసి ఉంటే తొమ్మిదేళ్ల క్రితమే, కరపత్రం అచ్చు కాకముందే ఒప్పుకునేవాణ్ణి.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మరియరత్నం లేచింది. చేతి సంచిలోంచి పుల్ల తీసి పైకెత్తి, "ఈయనకి వినయం లేదండి. ముప్పై ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను," అంది. ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మన్నారు డైరెక్టరుగారు. ఏడో పెద్ద భార్య తన దగ్గర దారం ఉందని చెప్పింది.

"గొలుసు ఇంకా నా దగ్గరే ఉందండి. కొలిస్తే పోద్ది కదండీ," అన్నాడు ఏసోబు.

ఇంటికెళ్లి గొలుసు తెచ్చాడు. తుప్పు పట్టకుండా నూనె రాసి, గోనెలో చుట్టి ఉంది. దానితో పాటు ఐదు పుల్లలు. జనమంతా మట్టలతో సహా బయటికి వచ్చారు. నేను ఈ తగాదాలో ఒక పక్షం గనుక వెనక కొస పట్టుకోవడానికి వీల్లేదని పాస్టరుగారు చెప్పారు. ఆ పని డైరెక్టరుగారికి పడింది. రెవరెండు డాక్టరుగారు తెల్లటి అంగీతో పడమటి రాయి దగ్గర గొంతుక్కూర్చుని గొలుసు కొస నేలకు అదిమి పట్టారు. ఏసోబు ముందుకు లాక్కుంటూ వెళ్లి మొదటి పుల్ల గుచ్చాడు.

జనం "ఒకటి" అన్నారు. అబద్ధం వరుసవాళ్లు కూడా ఒకటనే అన్నారు. రెండు, మూడు, నాలుగు. ఐదో పుల్ల సరిగ్గా గోడ మొదట్లో పడింది. డైరెక్టరుగారు లేచి దుమ్ము దులుపుకుంటూ, కొలత సరిపోయింది గదా అన్నారు.

"తూర్పు రాయి ఇంకా రాలేదండి," అన్నాడు ఏసోబు.

కోపం వరుసవాళ్లు నిచ్చెన తెచ్చారు. గొలుసును గోడ మీదుగా దించి అవతల బిగించారు. అది గంట స్తంభం దాటి, పడుకున్న గేదె దాకా వెళ్లి ఆగింది. గేదెను లేపడానికి సోమరితనం వరుసలో నలుగురు ముందుకు వచ్చారు. అది మా సంఘ చరిత్రలో రాసుకోదగిన సంగతి. గేదె లేచాక దాని కింద పాత సరిహద్దు రాయి కనిపించింది. గొలుసు కొస దాన్ని తాకుతోంది.

ఏసోబు దగ్గర పుల్లలు అయిపోయాయి. అతను వంగినవాడు వంగినట్టే ఉండి, వెనక్కి చూడకుండా చెయ్యి చాపాడు. మరియరత్నం ఆరో పుల్లను నా చేతిలో పెట్టింది. నేను అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని రాయి పక్కన గుచ్చాడు.

డైరెక్టరుగారు చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. "ఇది బలహీనత కాదు, తప్పు. తప్పులు మా విభాగం పరిధిలోకి రావు. ఏసోబుగారు చుట్టకు దరఖాస్తు చేసుకొనవచ్చును. అయితే కార్యదర్శిగారి కార్డు నేటితో రద్దయినది గనుక, మీ సంఘము నూరు శాతము అర్హత కోల్పోయినది." షీల్డుకు మళ్లీ ఎర్ర గుడ్డ కప్పి జీపు ఎక్కారు. జీపు కాలవ మలుపు తిరిగేలోపలే మోషే డబ్బా కాలవలో పడింది. పాస్టరుగారు మిగిలిన ప్రసంగాన్ని ఏడు నిమిషాల్లో ముగించారు.

అందరూ వెళ్లాక ఏసోబు గంట స్తంభం దగ్గర తాడు ముడి విప్పుతున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. పుల్లలు ఆరు అని అతనికి కొలిచిన రోజునే తెలుసా అని అడిగాను.

"గుచ్చింది నేను గదండీ. తెలీకుండా ఎలాగుంటదండి?"

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా?"

"చెప్పానండి. మీరు రాసుకోలేదు."

 తప్పు నాదేననీ, క్షమించమనీ అడిగాను. "ఏసోబుగారూ" అన్నాను. నలభై ఏళ్లలో ఆయన్ను అలా పిలవడం అదే మొదలు. ఆయన తాడు ఒకసారి లాగి చూసి, గూళ్లు కట్టుకున్న పావురాలు లేచిపోయేదాకా ఆగాడు.

"నేను కొడతానండి. మీరు లెక్కపెట్టండి. బయటికే పెట్టండి," అన్నాడు.

తొమ్మిదేళ్ల తర్వాత గంట మోగింది. సమాధుల తోట దాకా, రూతమ్మ దాకా వినబడి ఉంటుంది. ఊళ్లో జనం అరుగుల మీదకు వచ్చి చూస్తున్నారు. నేను గట్టిగా, తడబడకుండా లెక్కపెట్టి, ఆయన తాడు ఆపగానే పన్నెండు అన్నాను.

"పదమూడండి," అన్నారు ఏసోబుగారు.

నా జేబులోంచి రద్దయిన నా నమూనా మూడు తీసి, వెనక వైపు పదమూడని రాసుకున్నాను.